కాలు ఎత్తి చూడకుండా వేసిన సూది

ముప్పై ఒక్క ఏళ్ళు పశువైద్యురాలిగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కలే గడిచింది. ఇన్నేళ్ళలో గుర్రాన్ని పట్టుకొచ్చినవాళ్ళలో గిట్టల సంగతి మొదట చెప్పినవాడు ఒక్కడూ లేడు. మేత తినడం లేదంటారు. దిష్టి తగిలిందంటారు. పొగరెక్కింది, మాట వినడం లేదంటారు. భుజం పట్టేసిందంటారు. "గిట్టలు చూశావా నాయనా?" అని అడిగితే, వాళ్ళింట్లో బీరువా తెరిచి చూపించమన్నట్టు మొహం పెడతారు.

ఈ మధ్య ఉద్యోగంలో చేరిన ఒక డాక్టరమ్మాయి ఫోను చేసింది. "మేడం, మా ఆసుపత్రికి గుర్రం వచ్చింది. ఇన్నాళ్ళూ గొర్రెలు, బర్రెలే చూస్తున్నాను. గుర్రం మీద చదివిందంతా మర్చిపోయాను, ఏం చేయమంటారు?" అని. ముందు కాళ్ళు చూడమన్నాను. ఆ తర్వాత చాలాసేపు చెప్పాను. ఫోను పెట్టేశాక, అసలు చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. చెప్పాల్సింది నేను నేర్చుకున్న విద్య కాదు, నేను చేసిన తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

జట్కాలు పోయి ఆటోలు వచ్చినప్పుడు మా ప్రాంతంలో గుర్రాలు కూడా పోతాయనుకున్నాను. నిజం చెప్పాలంటే కొంచెం ఊరట కూడా కలిగింది. పోలేదు. ఇప్పుడు పెళ్ళికొడుకు మెరవణికి తెల్ల గుర్రం కావాలి. పొలం గట్టు మీద ఫోటో దిగడానికి గుర్రం కావాలి. ఫోన్లో వీడియోలు చూసి, ఎక్కడో సంతకు పోయి, తోకా జూలూ చూసి కొనుక్కొస్తున్నారు. జట్కా తోలే వాళ్ళకు గుర్రం కాలు కుంటితే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకని భయం కొద్దీ అయినా కాళ్ళు చూసేవాళ్ళు. ఇప్పటి వాళ్ళకు ఆ భయం కూడా లేదు.

భుజం ఏం తప్పు చేసింది?

నా మొదటి పై అధికారికి గుర్రమంటే భయం. ఆ మాట ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. గుర్రం ఆసుపత్రి గేటు దాటగానే ఆయన వరండాలోకి వచ్చి అక్కడే నిలబడేవారు. "మేత తింటోందా? పేడ వేస్తోందా? ఏ కాలు?" అని మెట్ల మీంచే అడిగి, మందు రాసి లోపలికి పోయేవారు. నిదానస్తుడు, లంచం ముట్టని మనిషి, ఆవుల విషయంలో మంచి చెయ్యి. గుర్రం దగ్గర మాత్రం ఆయనకూ గుర్రానికీ మధ్య ఎప్పుడూ పది గజాల దూరం ఉండేది.

కొత్తలో మనం పుస్తకాన్ని అనుసరించం, పక్కనున్న పెద్దవాళ్ళని అనుసరిస్తాం. నేనూ రెండేళ్ళు మెట్ల మీద డాక్టర్నే. ఒకసారి జట్కా గుర్రం ముందు కుడికాలు కుంటుతూ వచ్చింది. యజమాని భుజం పట్టేసిందన్నాడు. నేను భుజం తడిమాను, గుర్రం కదిలింది, సరేననుకుని పూతమందు ఇచ్చాను. ఎనిమిది రోజులు రుద్దాడు పాపం. తొమ్మిదో రోజు గుర్రం కాలు నేల మీద మోపడం మానేసింది.

అప్పుడు ఆ గుర్రాన్ని మూడు కాళ్ళ మీదే మెల్లగా నడిపించుకుంటూ ఖాసీం సాబ్ వచ్చాడు. ఆదోనిలో పత్తి మిల్లుల వెనక సందులో ఆయనది రేకుల షెడ్డు. గుర్రాలకూ ఎద్దులకూ లాడాలు కొట్టే పని. అందరూ నాల్‌బంద్ అనేవాళ్ళు. సన్నగా, పొట్టిగా, నడుము కొంచెం వంగిపోయి ఉండేవాడు. జీవితమంతా గుర్రం కాలు ఒళ్ళో పెట్టుకుని పనిచేసినవాడికి నడుము నిటారుగా ఎట్లా ఉంటుంది?

"అమ్మా, మందు యాడికి రాసినారు?" అన్నాడు.

"భుజానికి."

"భుజం ఏం తప్పు చేసింది అమ్మా?"

నాకు కోపం వచ్చింది. డాక్టర్ని నేను. ఆయన నా కోపం పట్టించుకోలేదు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తీయకుండానే భుజం మీంచి మోకాలి దాకా, మోకాలి మీంచి గిట్ట దాకా జార్చుకుంటూ పోయాడు. గుర్రం తనంతట తానే కాలిచ్చింది. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని చిన్న సుత్తితో గిట్ట అడుగున చుట్టూ తట్టాడు. ఒకచోట గుర్రం ఒళ్ళంతా జలదరించింది. అక్కడ కత్తితో సన్నగా చెక్కాడు. నల్లటి చీము చిమ్మింది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. చీము వెంట విరిగిన తుమ్మ ముల్లు మొన బయటికొచ్చింది.

నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "గుర్రం కుంటితే కింది నుంచి పైకి చూసుకుంటా రండి అమ్మా. పై నుంచి కిందికి వస్తే దావలోనే పొద్దుగూకతాది" అన్నాడు, అంతే.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆ రేకుల షెడ్డులో గడిపాను. కాలేజీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కాలేజీలో గుర్రం ఒక్కటే ఉండేది, తరగతి మొత్తం దాని చుట్టూ నిలబడేది. నా వంతు వచ్చేసరికి గంట కొట్టేవాళ్ళు. ఖాసీం సాబ్ దగ్గర నా చేతికి పని దొరికింది. గిట్ట వేడిగా ఉందో లేదో అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో చూడాలని అక్కడే తెలిసింది. గిట్టకు పైన, మడమ వెనక సన్నటి నరం కొట్టుకుంటుంది. మామూలప్పుడు అది వేలికి అందీ అందకుండా ఉంటుంది, గిట్టలో మంట ఉంటే దడదడలాడుతుంది. గిట్ట అడుగున మధ్యలో మెత్తటి ముక్కోణం ఒకటి ఉంటుంది. దాన్ని ఆయన పుత్లీ అనేవాడు. నల్లరేగడిలో వాన పడ్డ రోజుల్లో మట్టి ఆ పుత్లీ పక్క సందుల్లో కూరుకుపోయి కుళ్ళుతుంది. రోజూ మొన మొద్దుగా ఉన్న ఇనప కొక్కెంతో తీసేస్తే చాలు. దానికి డాక్టరూ అక్కర్లేదు, మందూ అక్కర్లేదు. ఐదారు వారాలకొకసారి గిట్ట చివర కోసి ఆకురాయి పట్టించాలి, లాడం ఉన్నా సరే, లేకపోయినా సరే.

ఇంతే విద్య. దీన్ని ముప్పై ఏళ్ళు ఎన్ని వందల మందికి చెప్పి ఉంటానో! విన్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

పాలపళ్ళు

ఈరన్న మంచివాడు. ఇది ముందే చెప్పాలి, ఎందుకంటే ఇక మీదట నేను రాసేదంతా అతని మీద విసుగే.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారికి కొంచెం లోపలగా ఉన్న పల్లె వాళ్ళది. వేరుశనగ, పత్తి వేసుకునే చిన్న రైతు. నాయన కాలంలో జట్కా ఉండేది. గుర్రం అనే మాట వింటేనే ఈరన్న కళ్ళు మెరుస్తాయి. పెళ్ళి మెరవణులకు తిప్పుదామని ఒక ఆడ గుర్రప్పిల్లను కొనుక్కొచ్చాడు. నేను ఉద్యోగం ముగించడానికి ఇంకా నాలుగేళ్ళు ఉన్నాయి అప్పటికి.

చూస్తే బూడిదా నలుపూ కలిసిన రంగు. "తెల్లది గదా కావాల్సింది?" అన్నాను.

"పెద్దదైతే తెల్లగైతాదంట మేడం."

అది మాత్రం నిజమే. పుట్టుకతో నల్లగా ఉండి ఏడాదికింత తెల్లబడే రంగు అది.

"ఎన్నేళ్ళది?"

"నాలుగు నడస్తాందంట."

నోరు తెరిచి చూశాను. ముందు పళ్ళన్నీ పాలపళ్ళు, ఒక్కటీ రాలలేదు. "రెండు కూడా నిండలేదప్పా ఇది."

"అమ్మినాయప్ప నాలుగని సెప్పినాడు మేడం."

"నేను చూసింది ఆయన పళ్ళు కాదు కదా ఈరన్నా!"

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మూడున్నర దాటేదాకా దీని వీపు మీద మనిషి ఎక్కకూడదని చెప్పాను. ఎముకలు ఇంకా గట్టిపడలేదు. ఈలోపు పలుపు పట్టుకుని నడిపించు, బ్యాండు చప్పుడు దూరం నుంచి అలవాటు చెయ్యి, రోజూ నాలుగు కాళ్ళూ ఎత్తి దించు, అన్నాను. అన్నిటికీ "సరే మేడం" అన్నాడు. ఈరన్న "సరే" అనే తీరు ఒకటుంది. వాన వస్తుందని ఎవరో చెబితే "అట్లనా" అంటాం చూడండి, అట్లా ఉంటుంది.

వెనక అతని భార్య హుసేనమ్మ నిలబడి ఉంది. పీర్ల దగ్గర మొక్కుకుంటే పుట్టిందని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. అప్పటిదాకా మాట్లాడని మనిషి, "మేడమ్మా, కాళ్ళు ఎట్ల ఎత్తాల?" అని అడిగింది. ఖాసీం సాబ్ నాకు చూపించినట్టే ఒకసారి చూపించాను.

"కాళ్ళు కడిగి పసుపు గూడ పూస్తావా ఏమే?" అన్నాడు ఈరన్న. ఆ పిల్లకు మల్లి అని పేరు పెట్టింది కూడా హుసేనమ్మేనని తర్వాత తెలిసింది.

రెండు నెలల తర్వాత మేకకు మందు కోసం హుసేనమ్మ ఆసుపత్రికి వచ్చింది. మల్లి ఎట్లా ఉందని అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జరిగింది ఇది. రాష్ట్రం సరిహద్దు అవతలి నుంచి గుర్రాలకు డాన్సు నేర్పే మనిషి ఒకడు వచ్చాడు. తల పైకెత్తి కట్టేసి, డప్పు కొడుతూ, కాళ్ళ మీద బెత్తంతో కొట్టి మల్లికి అడుగులు నేర్పాడు. దానికి లాడాలు కావాలన్నాడు. ఈరన్న ఖాసీం సాబ్ దగ్గరికి పోతే, "పాలపళ్ళ పిల్లకు నేను లాడం కొట్టను, గిట్ట ఇంకా పెరగాల" అని పంపించేశాడు. దాంతో సంతలో ఎద్దులకు లాడాలు కొట్టేవాణ్ణి పిలిపించారు. అతనికి తెలిసిన పద్ధతి ఒక్కటే, ఎద్దును పడేసినట్టు పడేయడం. నలుగురు మనుషులు తాళ్ళతో మల్లి కాళ్ళు కట్టి, నేల మీద పడేసి, తల మీద ఒకడు కూర్చుని, నాలుగు లాడాలు కొట్టారు.

"నేను రోజూ ఎత్తుతాంటి మేడమ్మా. ఒకటే మాటకు కాలిస్తాండె. ఇప్పుడు కాడికి పోతే తంతాది" అంది.

ఈరన్నను పిలిపించి తిట్టాను. బాగా తిట్టాను. "పెళ్ళోళ్ళు ముందే సెప్పుకున్నారు మేడం, ఏం జేసేది? పెళ్ళికొడుకులు సన్నగనే ఉంటారులే" అన్నాడు. నేనేం చెబుతున్నాను, అతనేం చెబుతున్నాడు! ఇంకొక సంగతి కూడా బయటపడింది. మెరవణి అయ్యాక పెళ్ళివాళ్ళు గుర్రానికి మర్యాద చేస్తారట. అన్నం, నానబెట్టిన శనగలు, బూందీ, తట్ట నిండా జొన్నలు. "ఎంత ఇష్టంగా తింటాదో మేడం!" అని మురిసిపోతూ చెప్పాడు. అది గుర్రానికి విషంతో సమానమని, కడుపులో పులిసి ఆ మంట గిట్టల్లోకి దిగుతుందని చెప్పాను.

"శుభమని పెడతారు. వద్దంటే బాగుండదు గదా?" అన్నాడు.

నా సూది

ఇక నా తప్పు. ఇది కొత్తలో చేసింది కాదు. ముల్లు సంగతి తెలిసి, పాతికేళ్ళు గిట్టలు చూసి, పదిమందికి పాఠాలు చెప్పిన తర్వాత చేసింది.

ఉగాది దాటి, కైరుప్పలలో పిడకలు విసురుకునే సంబరం ముగిసిన వారం. పెళ్ళిళ్ళు జోరుగా ఉన్నాయి. ఆ రోజు తెల్లవారి నుంచి మధ్యాహ్నం దాకా ఎండలో గొర్రెలకు టీకాలు వేసి ఆసుపత్రికి వచ్చాను. గేటు దగ్గర ట్రాలీ ఆటోలోంచి మల్లిని దింపుతున్నారు. ఈరన్నతో పాటు తెల్లచొక్కా వేసుకున్న పెళ్ళివారి పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు.

"భుజాలు పట్టేసినాయి మేడం. సాయంత్రం మెరవణి ఉండాది. ఒక్క సూది ఎయ్యి" అన్నాడు ఈరన్న.

భుజం మాట వినగానే నాకు మెలకువ రావాల్సింది. మల్లి ముందు కాళ్ళు రెండూ ముందుకు చాపి, బరువంతా వెనక్కు వేసి నిలబడి ఉంది. అడుగు తీసి వేయమంటే నిప్పుల మీద వేసినట్టు వేస్తోంది. అట్లా నిలబడ్డ గుర్రాన్ని చూస్తే ఏమనుకోవాలో నాకు తెలుసు. కాలు పట్టుకోబోయాను. మల్లి ఎగిరి పక్కకు దూకింది, నీళ్ళ బకెట్టు దొర్లిపోయింది. తాళ్ళు గుర్తొచ్చి ఉంటాయి దానికి. పెద్దమనిషి గడియారం చూసుకున్నాడు. ఎవరికో ఫోను కలిపి "డాక్టరమ్మ సూస్తాండాది, వచ్చేస్తాం" అన్నాడు.

నేను రెండోసారి కాలు పట్టుకోలేదు. ఎత్తకపోయినా ఫరవాలేదు, వంగి గిట్ట మీద చేతి వెనకవైపు ఆనించి ఉంటే తెలిసిపోయేది. ఒక్క నిమిషం. ఎండకు తల పగిలిపోతోంది, ఆకలిగా ఉంది, వీళ్ళు ఎట్లాగూ మాట వినరని విసుగు. నొప్పి తగ్గే సూది వేశాను.

"వారం విశ్రాంతి ఇవ్వు" అన్నాను.

"సరే మేడం" అన్నాడు.

ఇవ్వడని నాకు తెలుసు. సాయంత్రం మెరవణి ఉందని అతనే చెప్పాడు కదా! విశ్రాంతి మాట మల్లి కోసం అన్నది కాదు, నా కోసం అన్నది. రేపు ఏమైనా అయితే, నేను చెప్పాను అని చెప్పుకోవడానికి. మన వృత్తిలో ఇట్లాంటి మాటలు చాలా మాట్లాడతాం. చిన్నవాళ్ళు దీన్ని గమనించండి. సలహా ఇచ్చేటప్పుడు అది ఎవరిని కాపాడడానికి ఇస్తున్నామో మన మనసుకు తెలుస్తుంది.

మరుసటి రోజు నేను కుర్చీలో కూర్చునే లోపే హుసేనమ్మ వచ్చింది. ఆటో కోసం ఆగకుండా రోడ్డు దాకా నడిచి, బస్సెక్కి వచ్చింది. "మల్లి పండుకున్నాది మేడమ్మా. లేస్తల్యా. మూలుగుతాంది" అంది. బండి తీయించి, దారిలో ఖాసీం సాబ్‌ను కూడా ఎక్కించుకుని పోయాం. అప్పటికి ఆయనకు డెబ్బై దాటి ఉంటాయి. పని దాదాపు మానేశాడు, అయినా పెట్టె పట్టుకుని వచ్చాడు.

మల్లి రేకుల పందిరి కింద పక్కకు పడి ఉంది. చెమటతో ఒళ్ళంతా తడిసిపోయింది. సూది మత్తులో నొప్పి తెలియక సాయంత్రమంతా తారు రోడ్డు మీద గెంతింది. మెరవణి అయ్యాక మామూలుగా తట్ట నిండా జొన్నలు పెట్టారు. నేను గిట్ట మీద చెయ్యి పెట్టాను. పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది. మడమ వెనక నరం దడదడ కొట్టుకుంటోంది.

ఖాసీం సాబ్ నాలుగు గిట్టలూ తడిమి లేచాడు. "నిన్న ఇది నడిచిందా? ఎట్ల నడిచింది? సూది ఎవరు ఏసినారు?" అన్నాడు, ఈరన్న వైపు చూస్తూ.

ఈరన్న నా వైపు చూడకుండా నేల చూశాడు. ఎంత విసుగు పుట్టించినా మంచివాడని అన్నాను కదా, నా పేరు చెప్పలేదు.

"నేనే వేశాను" అన్నాను.

ఖాసీం సాబ్ నన్ను కొంచెంసేపు చూశాడు. కూర్చుని, పెట్టె తెరిచి, లాడాల మేకులు ఒక్కొక్కటే తీయడం మొదలుపెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంకో సూది ఏస్తే లేస్తాది గదా మేడం?" అని అడిగాడు ఈరన్న.

ఇసుక

గిట్టలోపల ఎముక ఉంటుంది. దాన్ని గిట్ట గోడకు పట్టి ఉంచే పొర ఒకటి ఉంటుంది. మల్లికి ఆ పొర వాచి, ముందు కాళ్ళలో ఊడిపోతోంది. పూర్తిగా ఊడితే ఎముక కిందికి గుచ్చుకుంటుంది. దానికి తిరుగు లేదు.

గింజలన్నీ ఆపించాను. ఎండుగడ్డి నీళ్ళలో తడిపి పెట్టడం తప్ప ఇంకేమీ లేదు. ఈరన్న వంకలోంచి ట్రాక్టరుతో ఇసుక తెప్పించి పందిరి కింద మోకాలెత్తు పోశాడు. ఆ పని మాత్రం ఒక్క పూటలో చేశాడు, వాదించకుండా. గిట్టల కింద మెత్తగా ఏదైనా కట్టాలన్నాడు ఖాసీం సాబ్. మాది ఎమ్మిగనూరులో మగ్గం నేసిన ఇల్లు. మా నాన్న నేసిన జంపఖానా ఒకటి పెట్టెలో ఉండేది, మందంగా, అరిగిపోని నేత. దాన్ని ముక్కలు చేసి, మడతలు వేసి, గిట్టల కింద పెట్టి కట్టాం. దాచుకున్న వస్తువును కోసేటప్పుడు బాధ వేయలేదు. ఆ రోజుల్లో నాకు వేరే బాధ ఉండేది.

నొప్పికి సూదులు ఇప్పుడూ వేశాను. అదే మందు. మెత్తటి ఇసుకలో పడుకున్న గుర్రానికి వేస్తే వైద్యం, తారు రోడ్డు మీదికి పంపడానికి వేస్తే తప్పు.

తొమ్మిదో రోజు గిట్ట అడుగు ఉబ్బినట్టు కనిపించింది. ఎముక దిగుతోందేమోనని భయపడ్డాను. ఇక హింస పెట్టకుండా సూది వేసి శాశ్వతంగా నిద్రపుచ్చడం మంచిదని నా మనసుకు తోచింది. ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాను. ఈరన్న ఏడ్చాడు. "నేను ముందునుంచీ నీ మాట వినింటే..." అంటూ ఏదేదో అన్నాడు. హుసేనమ్మ ఏడవలేదు.

"దానికి ఇప్పుడు నొప్పి ఎంతుంది మేడమ్మా? నిన్నటికంటే ఎక్కువనా, తక్కువనా? అది సెప్పు ముందు" అంది.

నాకు తెలియదు. ఆ మాటే పైకి అన్నాను. "నీకేమనిపిస్తోంది?" అని అడిగాను.

"నిన్న పొద్దున గడ్డి పండుకోని తిన్యాది. ఈ పొద్దు తల పైకెత్తి నేను వచ్చే దావ సూసినాది. తక్కువైందనే అనుకుంటాండా."

ముప్పై ఏళ్ళు నేను మాట్లాడింది ఆసుపత్రికి పట్టుకొచ్చిన వాళ్ళతో. మేత వేసే మనిషితో కాదు. పశువు పక్కన ఇరవై నాలుగు గంటలూ ఉండే మనిషికి మనం చూసే పది నిమిషాల్లో కనిపించనివి కనిపిస్తాయి. వెతికి మరీ వాళ్ళతో మాట్లాడండి. వాళ్ళు గుంపులో వెనక నిలబడతారు, పిలిస్తే తప్ప ముందుకు రారు.

శుక్రవారం దాకా చూద్దామనుకున్నాం. గురువారం మధ్యాహ్నం మల్లి ముందు కాళ్ళు చాపి, రెండుసార్లు కూలబడి, మూడోసారి లేచి నిలబడింది. నేను అప్పుడు అక్కడ లేను. హుసేనమ్మ పక్కింటి ఫోనులో చెప్పింది. మాట కంటే ముందు చుట్టూ జనం అరుపులు వినిపించాయి.

ఆ తర్వాత ఏడాది పట్టింది. గిట్ట పైనుంచి కిందికి కొత్తగా పెరిగి రావాలి, తొందరపెట్టలేం. నెలకొకసారి ఖాసీం సాబ్‌ను తీసుకుపోయేదాన్ని, గిట్ట ముందుభాగం కొంచెం కొంచెం వెనక్కు కోసేవాడు. నెలకొకసారి ఈరన్న అదే ప్రశ్న. "మేడం, ఇంక ఎక్కొచ్చునా?" ఎక్కకూడదప్పా. వచ్చే నెల మళ్ళీ, "లైట్‌గా ఎక్కొచ్చునా?" లైట్‌గా ఎక్కడమంటే ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మల్లి చేత మళ్ళీ కాళ్ళు ఇప్పించడమే అన్నిటికంటే కష్టమైంది. ఆ పని హుసేనమ్మ చేసింది. మొదటి నెల కాలు ముట్టుకోనేలేదు. మెడ మీద చెయ్యి వేసి పక్కన నిలబడేది, అంతే. తర్వాత భుజం దాకా. తర్వాత మోకాలి దాకా. మల్లి చెవులు వెనక్కు పోతే చెయ్యి తీసేసి, గడ్డి కోసుకోవడానికి పోయేది. ఏ డప్పూ లేదు, బెత్తమూ లేదు. శ్రావణం వచ్చేసరికి పొలం నుంచి వస్తూ "కాలియ్యి తల్లీ" అంటే ఇచ్చేది. గుర్రప్పిల్లలకు నేర్పడం గురించి నన్ను ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చెప్పేది ఇదే. కాకపోతే ఓపిక ఎట్లా తెచ్చుకోవాలో మాత్రం చెప్పలేను, నాకే లేదది.

మల్లి మీద ఇక ఎవరూ ఎక్కలేదు. గిట్టల అడుగు పల్చబడింది, రాళ్ళ దారి పనికిరాదు. అనుకున్నట్టే తెల్లబడింది. జాతరల్లో మట్టి దారి ఉంటే బట్ట కప్పి ముందు నడిపిస్తారు. ఖాసీం సాబ్ నా పదవీ విరమణకు ఏడాది ముందు పోయాడు. ఆ సూది మాట నాతో ఎన్నడూ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత ఏ గుర్రం దగ్గర కలిసినా, సలాం కంటే ముందు "కాలు ఎత్తినారా అమ్మా?" అని అడిగేవాడు.

మళ్ళీ ఒకటి

పోయిన చలికాలంలో ఈరన్న ఫోను చేశాడు. "మేడం, ఇంకో పిల్లను తెచ్చినా. మగది. నువ్వొచ్చి సూడాల."

రిటైరయ్యాను ఈరన్నా, ఇప్పుడున్న డాక్టరు దగ్గరికి పో, అన్నాను. "ఆయప్ప సిన్నోడు, గుర్రం కాడికి రాడు. వాకిట్లో నిలబడి అడుగుతాడు" అన్నాడు. ఫోను పెట్టేసి గట్టిగా నిట్టూర్చి, బస్సెక్కాను.

ఎర్రటి పిల్ల, పొడుగు కాళ్ళు. నేను గేటు తీస్తుండగానే ఈరన్న ఎదురొచ్చి, "మూడున్నర అంట మేడం" అన్నాడు. నేను నేరుగా పిల్ల దగ్గరికి నడిచాను. పెదవి ఎత్తి చూశాను. అన్నీ పాలపళ్ళే. ఈరన్నా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నాకు అతని మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఒకసారి అంత చూసిన మనిషి, ఇసుకలో కూర్చుని అంత ఏడ్చిన మనిషి, మళ్ళీ సంతకు పోయి, మళ్ళీ అమ్మేవాడి మాట నమ్మి! నోటికొచ్చినట్టు అనడానికి ఊపిరి కూడా పీల్చుకున్నాను.

"నువ్వేం తిట్టొద్దులే మేడమ్మా, నేను తిట్టినాలే" అంది హుసేనమ్మ. పందిరి కింద ఆ పిల్ల వెనక కాలు ఒళ్ళో పెట్టుకుని మట్టి తీస్తోంది. పిల్ల తాపీగా గడ్డి నములుతోంది.

"వచ్చే నెలలో మంచి ముహూర్తాలు ఉండాయి మేడం" అన్నాడు ఈరన్న, కొంచెం గొంతు తగ్గించి. "ఒట్టినే జీను ఏసి అలవాటు జేద్దామని ఎతికితే కనపడల్యా. ఇల్లంతా తిరగేసినా. ఈమెను అడిగితే సెప్పదు."

"జీను ఎక్కడుంది హుసేనమ్మా?" అన్నాను.

ఆమె కాలు మెల్లగా నేల మీద దించి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచింది.

"తుగ్గలిలో, మా అమ్మోళ్ళింట్లో" అంది. "ఈ పిల్ల వచ్చిన రోజే మూట గట్టి బస్సులో ఎత్తుకపోయి పెట్టొచ్చినా. రెండేళ్ళు పోయినాక తెస్తా."

"అది నా జీను గదే!" అన్నాడు ఈరన్న.

"పోయి తెచ్చుకో అయితే. యాడ దాచిపెట్టిందో మా అమ్మ నాకే సెప్పల్యా."